పాత థార్‌కి కొత్త హెడ్‌లైట్లు: ఘాట్ రోడ్డు మీద ఒక చలికాలం తిరిగాక

నేను పశువైద్యురాలిని, ఉండేది విశాఖ మన్యంలోని చింతపల్లిలో. "దూడ అడ్డం తిరిగిందమ్మా, కాళ్లు రావట్లేదు" అని రాత్రి ఒంటిగంటకి ఫోన్ వస్తే తెల్లవారేదాకా ఆగమని చెప్పలేను. గూడెం కొత్తవీధి వైపో, లంబసింగి కింద ఉన్న ఊళ్ల వైపో బండి తియ్యాల్సిందే. తారు రోడ్డు దిగాక రెండు మూడు కిలోమీటర్లు రాళ్ల బాట, మధ్యలో ఒక గెడ్డ (వాగు). అందుకే 2017లో మహీంద్రా థార్ కొన్నాను. పాత రకం, 2.5 లీటర్ల సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్‌ది.

ఎనిమిదేళ్లు గెడ్డలు దాటించి, బురదలో తిప్పి, వానలో ఆరుబయట నిలబెట్టాక దాని హెడ్‌లైట్లు బాగా మందగించాయి. బండిని తప్పు పట్టను, నా వాడకం అలాంటిది. కొంచెం కొంచెంగా తగ్గింది కనుక చాలాకాలం నాకే తెలియలేదు. నలభై ఆరేళ్లొచ్చాయి, కళ్లే తగ్గుతున్నాయేమో అనుకుని కళ్లద్దాలు కూడా మార్పించుకున్నాను. కిందటి వర్షాకాలంలో ఒక రాత్రి డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే మలుపులో నల్ల పంది అడ్డొచ్చింది. బంపర్‌కి రెండు బారల దూరంలో ఉండగా కనపడింది. బండి ఆగింది, దానికేమీ కాలేదు. కానీ అంత దగ్గరికి వచ్చేదాకా నాకు కనపడలేదన్న సంగతి ఇంటికెళ్లాక కూడా వదల్లేదు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పాలి, రాత్రి డ్రైవింగ్ చేసేవాళ్లందరికీ పనికొస్తుంది. ఆవులు, గేదెలు, మేకలు, కుక్కలకి కంటి రెటీనా వెనక టపీటమ్ లూసిడమ్ అనే పొర ఉంటుంది. లోపలికొచ్చిన వెలుగుని అది అద్దంలా తిప్పి కొడుతుంది. చీకట్లో వాటి కళ్లు పచ్చగా మెరిసేది అందుకే. హెడ్‌లైటు ఎంత మందంగా ఉన్నా గేదె మన వైపు చూస్తే ముందే తెలిసిపోతుంది. పందికి ఆ పొర లేదు. దాని కళ్లు మెరవవు, ఒళ్లేమో నలుపు. మనిషికీ లేదు. దుప్పటి కప్పుకుని రోడ్డు పక్కన నడిచే ముసలాయన కూడా మీ లైటు వెలుగు నేరుగా మీద పడేదాకా కనపడడు. గంటకి నలభై కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో పదకొండు మీటర్లు పోతుంది. బ్రేకు మీదికి కాలు చేరేసరికే అంత దూరం అయిపోతుంది. హెడ్‌లైట్లు మార్చాలని నేను నిశ్చయించుకున్నది ఈ లెక్క చూసుకుని. బండి అందం కోసం ఖర్చుపెట్టే స్వభావం నాది కాదు.

మొదటిసారి తప్పు చేశాను. 3,200 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక జత ఎల్ఈడీ బల్బులు తెప్పించాను. పెట్టె మీద 6500కే (అంటే తెల్లటి వెలుగు) అనీ, ఇరవై వేల ల్యూమెన్లు (వెలుగు కొలత) అనీ రాసి ఉంది. నా బండికి వాడేది హెచ్4 బల్బు, 60/55 వాట్లది. అంటే దూరం కొట్టే హై బీమ్‌కి 60, కిందికి దించిన డిప్‌కి 55. మామూలు హెచ్4 హాలోజన్ హై బీమ్‌లో ఇచ్చేది సుమారు 1,650 ల్యూమెన్లు, డిప్‌లో సుమారు 1,000. దానికి పన్నెండు రెట్లు ఇస్తామనే బల్బుని ఆ రోజే అనుమానించాల్సింది. పాత బల్బు తీసి ఇది పెట్టడం పది నిమిషాల పని. మా ఇంటి గోడ మీద వెలుగు పాలలా పరుచుకుంది. సంతోషపడ్డాను.

నాలుగో రాత్రో అయిదో రాత్రో, ఘాట్లో కింది నుంచి ఒక మోటార్ సైకిల్ వస్తోంది. వెనక పాల క్యాన్లు కట్టి ఉన్నాయి. నేను డిప్‌లోనే ఉన్నాను. అయినా అతను చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు అంచున మట్టిలోకి దిగి బండి ఆపేశాడు. అటు పక్కన లోయ. నేను బండి ఆపి దిగాను. "మీ లైట్లు పడ్డాక నాకు రోడ్డు కనపళ్లేదమ్మా" అన్నాడు. కోపంగా కాదు, భయంగా అన్నాడు. నా భద్రత కోసం నేను కొన్న వస్తువు అతన్ని లోయ అంచుకి తెచ్చింది. మర్నాడు ఉదయం ఆ బల్బులు పీకేశాను.

తప్పెక్కడుందో తర్వాత తెలుసుకున్నాను. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిప్ ఫిలమెంటు కింద ఒక చిన్న రేకు దొన్నె ఉంటుంది. అది వెలుగుని రిఫ్లెక్టర్ (బల్బు వెనక ఉండే అద్దపు గిన్నె) కింది సగానికి పోనివ్వకుండా ఆపుతుంది. ఆ అడ్డు వల్లే గోడ మీద స్పష్టమైన గీత పడుతుంది. గీత కింద వెలుగు, పైన చీకటి. రిఫ్లెక్టర్ వంపు అంతా ఆ సన్నటి తీగ ఉండే చోటుని మిల్లీమీటర్ల లెక్కన పట్టుకుని చేసినది. నేను కొన్న ఎల్ఈడీలో తీగ బదులు వెడల్పాటి చిప్పులు రెండు పక్కలా అతికించి ఉన్నాయి. వెలుగు పుట్టే చోటు మారిపోయింది కనుక గీత చెదిరిపోయి, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎగజిమ్మింది. పైగా బల్బు వెనక ఫ్యాను ఉండటం వల్ల రబ్బరు తొడుగు సరిగ్గా కూర్చోలేదు. గెడ్డ దాటిన రెండోసారికే అద్దం లోపల చెమ్మ పట్టింది. లైటు వేస్తే ఎఫ్ఎం రేడియోలో గరగర కూడా మొదలైంది. ఎల్ఈడీ కోసమే రిఫ్లెక్టర్, లెన్సు అన్నీ కలిపి చేసిన పూర్తి హెడ్‌లైట్ల సంగతి వేరు. హాలోజన్ కోసం చేసిన గిన్నెలో ఎల్ఈడీ బల్బు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి.

ఆ పూర్తి హెడ్‌లైట్ల దాకా కూడా వెళ్లొచ్చాను. మా తమ్ముడు డల్లస్‌లో ఉంటాడు, వాడికి జీప్ రాంగ్లర్ ఉంది. "అక్కా, మన ఇద్దరి బండ్లకీ ఏడంగుళాల గుండ్రటి లైట్లే. సంక్రాంతికి వస్తూ మంచి ఎల్ఈడీ సెట్టు పట్టుకొస్తా" అన్నాడు. నిజమే, 1940లో అమెరికాలో స్థిరపడిన ఆ ఏడంగుళాల కొలత చాలా జీపులకి వచ్చింది. వాడి మనసు మంచిదే. కానీ అమెరికాలో బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. డిప్ వెలుగు గీత ఎప్పుడూ రోడ్డంచు వైపు కాస్త పైకి లేచి ఉంటుంది, నడిచేవాళ్లూ బోర్డులూ కనపడాలని. మన దగ్గర అది ఎడమ వైపు లేవాలి. అక్కడి లైటు ఇక్కడ బిగిస్తే ఆ లేచిన వెలుగు సరిగ్గా ఎదురుబండి డ్రైవర్ ముఖం మీద పడుతుంది. ఇక్కడ అమ్మే దిగుమతి లైట్లలో కూడా కుడి పక్క నడకకి చేసినవి కలిసిపోయి ఉంటాయి, చూసి కొనాలి. యూరప్ వాళ్ల 'E' అక్షరం గుర్తు ఉన్న లైటయితే అద్దం మీద చిన్న బాణం గుర్తు వెతకండి. లైటుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు బాణం మీ కుడి వైపు చూపిస్తుంటే అది మనలాంటి ఎడమ పక్క నడకకి చేసినది. తమ్ముడితో వద్దని చెప్పి, పిల్లలకి పుస్తకాలు తెమ్మన్నాను.

చివరికి పని జరిగింది నర్సీపట్నంలో ఒక చిన్న సెల్ఫ్ డైనమో షాపులో. నేను చెప్పదలచుకున్న సమీక్ష అసలు ఆ షాపు గురించే. బోర్డు మీద రంగు వెలిసిపోయింది, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. అరవై దాటిన ఒకాయన, ఆయన దగ్గర ఒక కుర్రాడు. నేను వెళ్లి "బాబాయ్, మంచి పవర్ ఉన్న బల్బులు కావాలి" అన్నాను. చాలా షాపుల్లో అయితే వెంటనే పెట్టెలు తీసి ముందు పరిచేవాళ్లు. ఈయన ఓల్టులు కొలిచే మల్టీమీటర్ తీశాడు.

"బల్బు సంగతి తర్వాత డాక్టరమ్మా. ముందు దానికి అందాల్సిన కరెంటు అందుతోందో లేదో చూద్దాం" అన్నాడు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 ఓల్టులు. లైటు వేసి, ఎడమ బల్బుకి వైరు తగిలించే కప్లర్ దగ్గర కొలిస్తే 11.9. కుడి పక్క 12.1. రెండు ఓల్టులు దారిలోనే పోతున్నాయి. ఎనిమిదేళ్ల నీళ్లకీ బురదకీ కప్లర్ల కాళ్లు పచ్చగా చిలుము పట్టాయి, ఎర్తు వైరు బిగించిన చోట తుప్పు. హాలోజన్ బల్బుకి ఓల్టేజి మీద ఎంత ఆధారమంటే, పది శాతం ఓల్టేజి తగ్గితే వెలుగు సుమారు ముప్ఫై శాతం తగ్గుతుంది. బల్బు వెలుగుని 13.2 ఓల్టుల దగ్గర కొలిచి చెబుతారు. నా ఎడమ లైటు అందులో పది శాతం తక్కువతో నడుస్తోంది. అంటే మూడో వంతు వెలుగు నేను ఏ బల్బు కొన్నా రాదు. ఆ అంకెలు చూశాక, కళ్లద్దాలకి పెట్టిన డబ్బు గుర్తొచ్చింది.

ఆయన చేసిన పని ఇది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, రెండు రిలేలు (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు), పింగాణీ హోల్డర్లు ఉన్న వైరింగ్ కిట్టు వేశాడు. పాత వైరు ఇక రిలేని మేల్కొలపడానికే, అసలు కరెంటు కొత్త దారిలో వస్తుంది. రిలేలని గెడ్డ నీళ్లు తగలనంత ఎత్తులో, కాళ్లు కిందికి ఉండేలా బిగించాడు, లోపల నీళ్లు నిలవకుండా. ఎర్తు కోసం రంగు గీకి, కొత్త బోల్టు వేసి, పైన గ్రీజు పూశాడు. నా పాత రిఫ్లెక్టర్ల వెండి మెరుపు పోయి మసకబారాయి కనుక వాటి బదులు హెల్లా కంపెనీ ఏడంగుళాల గాజు లైట్లు, ఆస్రామ్ కంపెనీ మామూలు 60/55 బల్బులు పెట్టాడు. హాలోజన్ బల్బు గాజుని వట్టి వేళ్లతో ముట్టుకుంటే చేతి జిడ్డు అంటుకున్న చోట వేడెక్కి త్వరగా పాడవుతుంది. కుర్రాడు గుడ్డ కోసం వెతుకుతుంటే నా బ్యాగులోంచి పరీక్షకి వాడే గ్లౌజులు తీసిచ్చాను. అవి తొడుక్కుని బిగించాడు.

100/90 వాట్ల బల్బులు అడిగాను. వద్దన్నాడు, కారణం కూడా చెప్పాడు. హై బీమ్‌లో 60 వాట్లవి రెండు కలిపి పది ఆంపియర్ల దాకా లాగుతాయి. వంద వాట్లవి రెండయితే పదిహేడు. ఆ వేడికి రిఫ్లెక్టర్ మాడుతుంది, మామూలు ప్లాస్టిక్ హోల్డరయితే కరుగుతుంది. పైగా అవి రోడ్డు మీద వాడటానికి అనుమతి ఉన్నవి కావు. ఎక్కువ వెలుగిస్తామనే ఖరీదైన 60/55 రకాల గురించి కూడా అడిగాను. వాటి తీగ ఎక్కువ వేడి మీద వెలుగుతుంది కాబట్టి ఆయుష్షు తక్కువ, "మీ రాళ్ల బాటకి అవి ఆగవమ్మా" అన్నాడు. ఎక్కువ బిల్లు వచ్చే వస్తువుని వద్దని చెప్పే షాపు మీద నాకు గౌరవం కలిగింది. పని అయ్యాక మళ్లీ కొలిచాడు. రెండు పక్కలా 13.5.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం చివరి అరగంట పని. షాపు ఎదురుగా సందులో గోడ ఉంది. బండిని గోడకి ఆనించినంత దగ్గర పెట్టి, రెండు లైట్ల మధ్య బిందువులు సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. తర్వాత సమంగా ఉన్న నేల మీద పది మీటర్లు వెనక్కి తీయించాడు. డిప్ గీత ఆ గుర్తులకి పది సెంటీమీటర్లు కిందికి పడేలా స్క్రూలు తిప్పాడు. చీకటి పడేదాకా ఆగాల్సి వచ్చింది, ఆగాను. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. సామాను దింపిన ఖాళీ బండికి సరిచేశాడు. నా బండిలో ఎప్పుడూ మందుల పెట్టెలు, ద్రవ నత్రజని క్యాను, నీళ్ల డబ్బాలు, తాళ్లు ఉంటాయి. అవన్నీ ఎక్కించి ఘాట్ ఎక్కుతుంటే వెనక కుంగి, ముందు లేచి, రెండు లారీలు నాకు డిప్పర్ కొట్టాయి. మరుసటి వారం సామానుతో సహా వెళ్తే మళ్లీ చేసిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. మీరు వెళ్తే రోజూ ఉండే బరువుతో, టైర్లలో సరైన గాలితో, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చుని ఉండగా సెట్ చేయించుకోండి.

ఇప్పుడు డిప్‌లో రోడ్డు ఎడమ అంచు, తెల్ల గీత, మైలురాయి, కల్వర్టు గోడ అన్నీ విడివిడిగా కనపడతాయి. నల్ల పంది నాకు ఇప్పుడు చాలా ముందే తెలిసిపోతోంది. హాలోజన్ వెలుగు కాస్త పసుపు పచ్చన, ఎల్ఈడీలా కళ్లు చెదిరేటట్టు ఉండదు. మొదటి రాత్రి "ఇంతేనా" అనిపించింది. రెండు గంటలు నడిపాక తల నొప్పి లేదు, కళ్లు మండటం లేదు, అప్పుడు అర్థమైంది. రాళ్ల బాటలో గుంటల లోతు కూడా ఈ వెలుగులో బాగా తెలుస్తోంది. ఆ తెల్లటి బల్బులతో అయితే నీళ్లున్న గుంటా, తడి మట్టీ ఒకలాగే మెరిసేవి.

ఇక పొగమంచు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ మంచు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. బానెట్ చివర కనపడదు. అలాంటప్పుడు హై బీమ్ వేస్తే మన ముందు తెల్ల గోడ కట్టుకున్నట్టే. వెలుగు నీటి బిందువుల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. అందుకని బంపర్ కింద 55 వాట్ల పసుపు ఫాగ్ ల్యాంపులు రెండు పెట్టించాను. పసుపు రంగు మంచుని చీల్చుకుని పోతుందని అందరూ అంటారు, అది నిజం కాదు. మంచు బిందువులు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. నీలం పాళ్లు లేని వెలుగుతో కంటికి చిరాకు తగ్గుతుంది, అంతవరకే. అసలు పని చేసేది అవి ఉన్న ఎత్తు. నేలకి దగ్గరగా ఉండి, వెడల్పుగా, గీత పైకి వెలుగు పోనివ్వకుండా రోడ్డు మీదే పరుస్తాయి. మన చూపు పైనుంచి వెళ్తుంది, వాటి వెలుగు కిందనుంచి వెళ్తుంది కనుక తిరిగి కళ్లలో పడేది తక్కువ. మంచు మరీ దట్టమైతే నేను హెడ్‌లైట్లు కూడా ఆపేసి, పార్కింగ్ లైట్లు, ఫాగ్ ల్యాంపులతోనే నెమ్మదిగా దిగుతాను. మంచు తగ్గగానే ఆపేస్తాను, అవి మామూలు రాత్రుల కోసం కాదు.

సెలవు రోజుల్లో లంబసింగి దగ్గరున్న చెరువులవేనం చూడటానికి వచ్చే జీపుల్లో కొన్నిటికి టాప్ మీద పొడవాటి లైట్ బార్లు ఉంటాయి. మంచులో వాటి కంటే పనికిరానిది లేదు. ఎత్తు నుంచి వేసే ఆ వెలుగు బానెట్ మీదా మంచు మీదా పడి నడిపేవాడి కళ్లకే కొడుతుంది, ఎదురొచ్చేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. దయచేసి ఘాట్లో అవి వెయ్యకండి. ఆ రోడ్డు మీద తెల్లారగట్ల సంతకి నడిచివెళ్లే ఆడవాళ్లుంటారు, నెత్తి మీద బుట్టలతో.

ఖర్చు: వైరింగ్ కిట్టు 900, లైట్లు జత 2,400, బల్బులు జత 1,100, ఫాగ్ ల్యాంపులు 2,800, వాటి బ్రాకెట్లు 400, కూలి 1,200. మొత్తం 8,800 రూపాయలు. వృథాగా పోయిన ఎల్ఈడీ బల్బుల 3,200 దీనికి అదనం. మీ దగ్గర డబ్బు తక్కువుంటే ముందు వైరింగ్ కిట్టు వేయించి, గోడ దగ్గర సెట్ చేయించండి. రిఫ్లెక్టర్లు బాగుంటే అది ఒక్కటే చాలా తేడా చూపిస్తుంది. మిగతావి తర్వాత.

షాపు మీద నాకున్న ఫిర్యాదులు రెండు. ఉదయం పది గంటలకి రమ్మని, పని మొదలుపెట్టింది పన్నెండున్నరకి. మధ్యలో ఒక ట్రాక్టర్ వస్తే అటు వెళ్లిపోయాడు. ట్రాక్టర్ రైతుకి అత్యవసరమే, ఒప్పుకుంటాను, కానీ ఫోన్ చేసి చెప్పి ఉంటే నేను నా పనులు చూసుకునేదాన్ని. ఇంకా, కుడి ఫాగ్ ల్యాంపు బ్రాకెట్ రాళ్ల బాటలో అదురుతోంది, వెలుగు వణుకుతుంది. రబ్బరు బుష్షు తెప్పించానని మొన్న ఫోన్ చేశాడు. ఈసారి మందుల కోసం నర్సీపట్నం దిగినప్పుడు వేయించుకుని, డాష్‌బోర్డులో ఉంచుకోవడానికి ఒక హెచ్4 బల్బు, ఒక రిలే విడిగా కొనుక్కొస్తాను.